ముంగిలి మట్టిలో మొలకెత్తే మాట

మహారాష్ట్రలో అరేబియా సముద్రానికీ సహ్యాద్రి కొండలకూ నడుమ ఉన్న డహాణు ప్రాంతం వార్లీ గిరిజనుల సీమ. 1934లో ఆ సీమలో ఒక పిల్లవాడు పుట్టాడు. పసితనంలోనే అతనికి తల్లి అండ దూరమైనది. ఆ దెబ్బకు బాలుని నోట మాట ఆగిపోయినదనీ, చెప్పదలచుకొన్నదంతా దుమ్ములో వ్రేలితో గీసి చూపేవాడనీ ఆయన జీవితాన్ని గురించి వ్రాసినవారు చెబుతారు. ఆ బాలుడే పిదప వార్లీ చిత్రకళను గుడిసె గోడల మీదినుండి ప్రపంచపు ప్రదర్శనశాలలకు తీసుకొనిపోయిన జివ్యా సోమా మాషే. 1976లో జాతీయ పురస్కారమూ, 2011లో పద్మశ్రీయూ ఆయనను వరించాయి. 2018లో ఆయన కన్నుమూశారు.

నేల మీద గీసే పిల్లలందరూ మాషేలు కారు, కానక్కరలేదు. అయినా ఆ కథలో ప్రతి తల్లీ, ప్రతి ఉపాధ్యాయురాలూ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. నోరు పెగలని బిడ్డకు వ్రేలెందుకు కదలినది? చేతికీ, మట్టికీ, మాటకూ నడుమ ఉన్న చుట్టరికమేమిటి?

ఈ ప్రశ్న వినోదానికి వేసినది కాదు. జూన్ నెలలో బడులు తెరవగానే లక్షలాది పసివారు మొదటిసారి ఇంటి గడప దాటుతారు. ఇంట గలగల మాట్లాడి, బడిలో పెదవి విప్పని పిల్లలు వారిలో ఊరూరా కనిపిస్తారు. పంతులమ్మ పేరు అడిగితే నేలచూపులు చూస్తారు. గోడమీది పటంలో ఆపిల్ పండును చూపి ఇదేమిటని అడిగితే మౌనం వహిస్తారు. వారం తిరగకముందే “వీడికి మాటలు రావు” అన్న ముద్ర పడుతుంది. నెల తిరిగేసరికి అది “మొద్దు” అన్న బిరుదుగా మారుతుంది. అదే పిల్లవాడు సాయంకాలం వాకిట్లో చతికిలబడి తడిమట్టితో బండి చేస్తూ, “ఇవి ఎద్దులు, ఇది కాడి, కాడి విరిగింది, మామ కొత్తది తెస్తాడు” అని నాయనమ్మకు పూసగుచ్చినట్లు చెబుతాడు.

ఈ బిడ్డకు భాష లేక కాదు. బడిలో అతడు మాట్లాడదగిన వస్తువు లేక ఆ మౌనం. మట్టి, ఇసుక, ఆకు, పువ్వు, రంగు, నీరు, ఇవి చేతికి అందినప్పుడు బిడ్డకు చెప్పవలసినది ఏర్పడుతుంది. చెప్పవలసినది ఏర్పడినప్పుడు మాట తనంతట తాను వస్తుంది. ఆరుబయట పంచేంద్రియాలకూ పని కల్పించే కళను శిశువిద్యలో భాగం చేయవలెనని విద్యావేత్తలు కోరడానికి మూలం ఇదే. ఈ ఆలోచన మనకు పరదేశం నుండి వచ్చిన కొత్త సరుకు కాదు.

ఇసుకలో అక్షరం

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు సేకరించి పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన సమాధానం వీటిలో ప్రసిద్ధమైనది. అప్పటి బళ్లారి జిల్లాలో 533 పాఠశాలలు ఉన్నాయనీ, వాటిలో 235 కన్నడానివి, 226 తెలుగువి అనీ ఆయన లెక్క చెప్పాడు. బడిలో చేరిన పిల్లవాడు మొట్టమొదట అక్షరాలను నోటితో వల్లించడు. నేలమీద పరచిన ఇసుకలో వ్రేలితో దిద్దుతాడు. ఐరోపా పద్ధతికీ దీనికీ ఉన్న ఈ భేదాన్ని కాంప్‌బెల్ ప్రత్యేకంగా గుర్తించాడు.

అంతకు మూడు దశాబ్దాలకు పూర్వమే మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి ముచ్చటపడి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. 1797లో ఇంగ్లండులో దానిని గురించి పుస్తకం ప్రకటించాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే విధానంతోపాటు ఇసుకపళ్లెం కూడా “మద్రాసు పద్ధతి” పేరుతో ఆ దేశపు బీదపిల్లల బడులకు చేరినది. తెలుగు ఇళ్లలో అక్షరాభ్యాసంనాడు పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వ్రేలు పట్టి దిద్దించే ఆచారం నేటికీ నిలిచి ఉన్నది.

అయితే కాంప్‌బెల్ మరొక మాట కూడా వ్రాశాడు. ఆ బడులలో పిల్లలు పద్యాలను గడగడ అప్పగిస్తారు కాని, వాటి అర్థం వారికి తెలియదు. గ్రంథాల భాష వేరు, ఇంటి భాష వేరు అని ఆయన ఆక్షేపణ. ఈ రెండు పరిశీలనలనూ కలిపి చదువుకొంటే ఒక సత్యం బోధపడుతుంది. ఇసుక అక్షరాన్ని నేర్పినది. మాటను మాత్రం నేర్పలేదు. చేతికి పని ఇచ్చినంతమాత్రాన భాష పెరగదు. ఆ చేతి పనిచుట్టూ బిడ్డకు అర్థమయ్యే సంభాషణ జరిగినప్పుడే పెరుగుతుంది.

రోము నుండి కోస్బాడు వరకు

1907లో ఇటలీ రాజధాని రోములో, సాన్ లొరెంజో అనే పేదల పేటలో డాక్టర్ మరియా మాంటిస్సోరి తన మొదటి శిశుగృహాన్ని ప్రారంభించారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వ్రేళ్లతో తడిమి, ఆ ధ్వనిని ఉచ్చరించి, అప్పుడు కంటితో గుర్తించడం ఆమె రూపొందించిన పద్ధతులలో ఒకటి. నునుపుకూ గరుకుకూ, బరువుకూ తేలికకూ ఉన్న తేడాను చేతితో తెలుసుకొన్న పిదపనే ఆ పేర్లను చెప్పవలెనని ఆమె నియమం. 1939లో ఆమె దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధం కారణంగా చాలకాలం మన దేశంలోనే ఉండిపోయి, వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఆమె రాకకు చాలా ముందే, 1920లో, గుజరాతులోని భావనగరంలో గిజూభాయి బధేకా బాలమందిరం నెలకొల్పారు. వకీలు వృత్తి విడిచి పసిపిల్లల మధ్య కూర్చున్న ఆయనను ప్రజలు “మీసాల అమ్మ” అని పిలుచుకొన్నారు. ఆయనతో పనిచేయడానికి వచ్చిన మరాఠీ విదుషి తారాబాయి మోడక్. 1926లో ఏర్పడిన నూతన బాలశిక్షణ సంఘానికి వీరిద్దరూ మూలస్తంభాలు.

పట్టణపు బాలమందిరాలలో మాంటిస్సోరి పరికరాలు చక్కగా అమరాయి. కాని అవి ఖరీదైనవి. నున్నగా చిత్రికపట్టిన కొయ్యదిమ్మెలు, రంగు పలకలు, లోహపు చట్రాలు పల్లెటూరి బడికి అందేవి కావు. ఆ పరికరాలు కొనలేని బిడ్డకు శిశువిద్య లేనట్లేనా? ఈ ప్రశ్న తారాబాయిని పల్లెబాట పట్టించినది. 1945లో ఆమె బోర్డీ అనే సముద్రతీర గ్రామంలో గ్రామ బాలశిక్షా కేంద్రాన్ని స్థాపించారు. అనూతాయి వాఘ్ అనే యువతి ఆమెకు తోడైనది. పదమూడవ ఏట పెండ్లి అయి, నెలలు గడవకముందే వితంతువై, ఎన్నో కష్టాలకు ఎదురీది చదువుకొన్న స్త్రీ ఆమె.

బోర్డీలో వారికి ఎదురైన మొదటి అనుభవం, పిల్లలు బడికి రాకపోవడం. తల్లులు కూలికి పోతారు. పిల్లలు చెల్లెళ్లను ఎత్తుకొని ఇంటివద్ద ఉంటారు. పిల్లలు బడికి రానప్పుడు బడి పిల్లలవద్దకు పోవలెనని తారాబాయి నిశ్చయించారు. గూడెంలో ఒక ఇంటి ముంగిలి ఊడ్చి, నీళ్లు చల్లి, అక్కడే బాలవాడి నడిపారు. మరాఠీలో ముంగిలిని “అంగణ్” అంటారు. ముంగిలిలో నడిచే బడి గనుక అది అంగన్‌వాడీ అయినది. 1950 తరువాతి సంవత్సరాలలో వారి కార్యరంగం సమీపంలోని కోస్బాడు కొండకు మారినది. పసులు కాచే పిల్లలకోసం పచ్చికబయలులోనే నడిచే బడిని కూడా అక్కడ ఏర్పరచారు.

ఖరీదైన పరికరాల స్థానంలో గూడెంలో దొరికేవన్నీ పనిముట్లయ్యాయి. గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు, వెదురు, బంకమన్ను అన్నీ పాఠాలే. గింజలను జాతివారీగా ఏరడం, ఆకులను పరిమాణం ప్రకారం పేర్చడం, మన్నుతో బొమ్మ చేయడం, నేలమీద బొమ్మ వేయడం, ఇవి వారి దినచర్య. తారాబాయి, అనూతాయిల కృషిలో నేటి పాఠకుడు గుర్తించవలసిన అంశం పొదుపు ఒక్కటే కాదు. వార్లీ బిడ్డ ఇంట మాట్లాడే వార్లీ పలుకుకూ, పుస్తకపు మరాఠీకీ చాలా దూరం ఉన్నది. పటంలోని వస్తువు పేరు అడిగితే తెల్లమొహం వేసే బిడ్డ, చేతిలోని ఆకు పేరు అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఎక్కడ ఆ చెట్టు ఉన్నదో, దాని పండు ఏ కాలంలో రాలుతుందో కూడా చెప్పగలడు. ఆ క్షణాన పంతులమ్మ శిష్యురాలు, బిడ్డ గురువు. మాట్లాడే ధైర్యం అక్కడ పుడుతుంది.

మాట పుట్టే విధం

శిశువు భాషను నేర్చే తీరును గురించి గత నాలుగైదు దశాబ్దాలలో జరిగిన పరిశోధనలు ఈ పల్లె అనుభవాన్ని అనేక విధాల బలపరుస్తున్నాయి.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. హిందీలోని “త”, “ట” ధ్వనులకు మధ్య గల భేదాన్ని ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని శిశువులు ఆరు నుండి ఎనిమిది నెలల వయస్సులో గుర్తించగలిగారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి వారిలో సన్నగిల్లినది. హిందీ వినే శిశువులలో మాత్రం నిలిచి ఉన్నది. తెలుగు బిడ్డకు కూడా ఈ రెండు అక్షరాల భేదం ప్రాణప్రదమైనది. తాతకూ టాటాకూ తేడా చెవి పట్టుకొనేది మొదటి పుట్టినరోజుకు అటూ ఇటూగా అన్నమాట. బడి ఈడు వచ్చిన తరువాత భాష మొదలవుతుందన్న అభిప్రాయం ఎంత పొరపాటో దీనినిబట్టి తెలుస్తుంది.

1986లో మైకేల్ టొమాసెల్లో, మైకేల్ ఫరార్ మరొక విషయం నిరూపించారు. బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువుకు పేరు చెబితే ఆ పదం బాగా పట్టుబడుతుంది. బిడ్డ దృష్టిని బలవంతాన మరొకవైపు మళ్లించి పేరు చెబితే అంతగా పట్టుబడదు. తర్జని చూపి “ఇటు చూడు” అనడంకన్న, బిడ్డ ఎటు చూస్తున్నదో చూచి మాట్లాడడం మేలు.

2014లో ఆల్ఫ్రెడో పెరీరా, లిండా స్మిత్, చెన్ యూ అనే పరిశోధకులు ఏడాదిన్నర ప్రాయపు పిల్లల నొసట చిన్న కెమెరాలు అమర్చి, వారి కళ్లకు ప్రపంచం ఎలా కనిపిస్తున్నదో పరిశీలించారు. బిడ్డ వస్తువును కంటికి దగ్గరగా తెచ్చుకొని, అది చూపంతటినీ ఆక్రమించిన క్షణంలో పెద్దలు పేరు చెబితే ఆ పేరు మనస్సులో నాటుకొంటున్నది. బిడ్డ చేయి కన్నుకు దారి చూపుతున్నది. కన్ను చెవికి తలుపు తీస్తున్నది. రష్యను మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1934లో చనిపోకముందే బాలల చిత్రలేఖనాన్ని ఒక విధమైన పలుకుగా, వ్రాతకు తొలిమెట్టుగా వర్ణించారు.

వీటన్నిటి సారం ఒక్కటే. పదం గాలిలో వ్రేలాడదు. అనుభవాన్ని పట్టుకొని ఉంటుంది. “జిగట” అన్న మాటకు నిఘంటువు ఎంత చక్కని అర్థమిచ్చినా, బంకమన్ను వ్రేళ్లసందున సాగినప్పుడు కలిగే ఎరుకతో అది సరితూగదు.

తెలుగు ముంగిలిలోని సంపద

తెలుగువారి వాకిలి ఈ విద్యకు పుట్టినిల్లు అనదగినది. ముగ్గునే చూడండి. చుక్కలు పెట్టడంలో లెక్క ఉన్నది. గీత నడపడంలో పైన, క్రింద, లోపల, బయట, చుట్టూ, నడుమ అన్న స్థానవాచకాలు ఉన్నాయి. చిటికెడు, పిడికెడు, దోసెడు అన్న కొలతలు ఉన్నాయి. తల్లి ముగ్గు వేస్తుండగా పక్కన కూర్చున్న మూడేళ్ల బిడ్డకు రెండు చిటికెల పిండి ఇచ్చి, నేలపై ఇంత జాగా చూపితే చాలు. బిడ్డ గీసినది పాము అయితే పాము, వాన అయితే వాన. “నీ వాన ఎక్కడినుంచి ఎక్కడికి పడుతున్నది?” అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానంలో నాలుగు వాక్యాలైనా ఉంటాయి.

బతుకమ్మ పండుగనాడు తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలను వరుసలుగా పేర్చే పళ్లెం, వినాయక చవితినాడు తెచ్చే బంకమన్నూ పత్రీ, సంక్రాంతి గొబ్బెమ్మల మీది గుమ్మడిపూలు, ఇవన్నీ స్పర్శ, వాసన, వర్ణం కలిసిన కళలే. కళ్లు మూసుకొని ఆకును నలిపి వాసన చూచి పేరు చెప్పే ఆటకు తులసి, మరువం, మామిడి, మారేడు ఆకులు చాలు. ఉత్తరాంధ్ర కొండలలో సవరలు ఎర్రమట్టి అలికిన గోడపై బియ్యపుపిండితో మనుషులనూ, పశువులనూ, చెట్లనూ చిత్రిస్తారు. వార్లీల గోడకు అది దూరపు చుట్టం వలె కనిపిస్తుంది.

ఇంకొక భాగ్యం తెలుగు భాషలోనే ఉన్నది. ఎండుటాకుల మీద నడిస్తే కరకర, డబ్బాలో గులకరాళ్లు లొడలొడ, చూరునీరు టపటప, చేతిలోనుండి జారే ఇసుక జరజర. ఈ ధ్వన్యనుకరణ పదాలను పిల్లలు మిఠాయి వలె చప్పరిస్తారు. సరిగా మాటలు రాని బిడ్డ కూడా వీటిని ముందుగా అందుకొంటుంది. నునుపు, గరుకు, మెత్తన, బిరుసు, తడి, పొడి, చల్లన, వెచ్చన అన్న గుణవాచకాలకు ముంగిలికి మించిన పాఠ్యపుస్తకం లేదు.

వాక్యనిర్మాణం కూడ ఇక్కడే పట్టుబడుతుంది. అసమాపక క్రియ తెలుగు వాక్యానికి వెన్నెముక వంటిది. ఏనుగుబొమ్మ ఎలా చేశావని అడిగినప్పుడు, “మన్ను తెచ్చి, నీళ్లు పోసి, పిసికి, ముద్ద చేసి, తొండం అతికించి, ఎండలో పెట్టాను” అని బిడ్డ చెప్పినదనుకొందాము. ఒక్క వాక్యంలో ఆరు పనులను వరుస తప్పకుండా కూర్చినది. రేపు కథ చెప్పడానికీ, ఎల్లుండి వ్యాసం వ్రాయడానికీ కావలసిన క్రమజ్ఞానం అదే. చేసిన పనికి క్రమం ఉన్నందువల్ల చెప్పిన మాటకు క్రమం వచ్చినది.

ఎలా మాట్లాడవలెను?

సామగ్రి సులభం, సంభాషణ కష్టం. పెద్దలు సాధారణంగా చేసే పొరపాటు ముంగిలిని కూడా పరీక్షాగదిగా మార్చడం. “ఇదేమిటి? ఏ రంగు? ఎన్ని?” అని వరుసగా ప్రశ్నించితే బిడ్డ ఒక్కొక్క మాటతో తప్పించుకొంటుంది, లేదా మౌనం వహిస్తుంది. దీనికి బదులు బిడ్డ చేస్తున్న పనినే మాటలలో పెట్టవచ్చును. “నీళ్లు ఎక్కువయ్యాయి, మన్ను జారిపోతున్నది” అని ఊరకుండవలెను. మనస్సులో అయిదు లెక్కపెట్టేటంతసేపు ఆగితే, చాలమంది పిల్లలు ఆ ఖాళీని తామే పూరిస్తారు.

బిడ్డ “మన్ను” అంటే “అవును, చల్లని మన్ను” అని ఒక మాట చేర్చి తిరిగి ఇవ్వవలెను. తప్పు పలికితే దిద్దుబాటు చేయక, సరియైన రూపాన్ని తన మాటలో వినిపిస్తే చాలును. బొమ్మ పూర్తయిన తరువాత “ఇది ఏమి బొమ్మ?” అనడంకన్న “దీని సంగతి చెప్పు” అనడం మంచిది. చెప్పిన మాటలను బిడ్డ ఎదుటనే ఒక కాగితంపై వ్రాసి చదివి వినిపిస్తే, నోటిమాటే వ్రాత అవుతుందన్న రహస్యం ఆ లేతమనస్సుకు అక్కడే తెలుస్తుంది. అక్షరాభ్యాసానికి ఇంతకన్న మంచి నాంది ఉండబోదు.

అచ్చువేసిన బొమ్మలో రంగులు నింపుమని ఇవ్వడం కళ కాదు. అందరు పిల్లలకూ ఒకే బొమ్మ ఉన్నప్పుడు ఒకరికొకరు చెప్పుకోవలసినదేమున్నది? మాట పుట్టవలెనంటే ప్రతి బిడ్డ బొమ్మా వేరుగా ఉండవలెను.

జాగ్రత్త పడవలసినవి

ముంగిలిలో దొరికే ప్రతిదీ పసివారి చేతికి తగినది కాదు. మూడేండ్లలోపు బిడ్డలకు చింతగింజలు, శనగలు, పూసలు వంటివి ఇవ్వరాదు. ముక్కులోనో గొంతులోనో ఇరుక్కొంటాయి. ఎరుపు నలుపుల గురివింద గింజ పిల్లల కంటికి ఇంపైనదే కాని, లోపల ప్రాణాంతకమైన విషం గలది. వినాయకుని పత్రిలో చోటు దొరికిన ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా విషపు మొక్కలే. వీటిని ఆటలోనుండి పూర్తిగా తొలగించవలెను. రంగులకు పసుపు, జేగురుమన్ను, బొగ్గుపొడి, బీటుదుంప రసం, బియ్యపుపిండి మేలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే వింతను పిల్లలకు చూపవచ్చును కాని, సున్నం మాత్రం పెద్దల చేతిలోనే ఉండవలెను. పిల్లులు, కుక్కలు తిరిగే ఇసుకను వాడరాదు. ఆట ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడిగించడం పాఠంలో భాగమే.

ఇంతకన్న ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉన్నది. మట్టి ఆటలు మందు కావు. పిలిచినా పలకని బిడ్డ, రెండేండ్లు వచ్చినా రెండు మాటలు కలిపి చెప్పలేని బిడ్డ, వచ్చిన మాటలు పోగొట్టుకొన్న బిడ్డ ఉన్నట్లయితే, “మా వంశంలో అందరికీ ఆలస్యమే” అని సరిపెట్టుకోక, వినికిడి పరీక్ష చేయించి వైద్యుల సలహా పొందవలెను. చెవిలోని లోపం తొలిఏండ్లలో తెలిస్తే చేయగల మేలు చాలా ఉన్నది; కాలం దాటితే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఇంటి మాటకు చోటు

మన దేశంలో పసిబిడ్డల భాషను గురించిన ఏ చర్చ అయినా చివరకు ఇంటి భాషకూ బడి భాషకూ ఉన్న అగాధం వద్దకే చేరుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, గోండి, కొలామీ అన్న ఎనిమిది భాషలలో గిరిజన బాలలకు తొలి తరగతుల బోధన ప్రారంభమైనది. 2020 నాటి జాతీయ విద్యావిధానం సాధ్యమైనచోట కనీసం అయిదవ తరగతివరకు ఇంటి భాషలో, మాతృభాషలో బోధన జరగవలెనని చెప్పినది. మూడేండ్ల వయస్సునుండే ఆటపాటల ద్వారా విద్య ఆరంభం కావలెనని కూడా అదే పత్రం నిర్దేశించినది.

విధానం కాగితం మీద ఉన్నంత సులభంగా గదిలోకి రాదు. ఒక్క గదిలో మూడు భాషల పిల్లలు ఉంటారు. పంతులమ్మకు వాటిలో ఒకటో రెండో రావు. ముంగిలి కళ ఇక్కడ మధ్యవర్తిగా నిలుస్తుంది. ఎదుట ఆకు ఉన్నది. ఆమె తెలుగు పేరు చెబుతుంది, బిడ్డ కోయపేరు చెబుతుంది, మరొక బిడ్డ లంబాడీపేరు చెబుతుంది. మూడు పేర్లూ నిలబడతాయి. ఏ పేరూ తప్పు కాదు. తన మాటకు బడిలో చోటున్నదని తెలిసిన బిడ్డ రెండవ మాటను నేర్వడానికి వెనుకాడడు.

తల్లిదండ్రుల ఆక్షేపణ కూడా వినదగినదే. “మట్టిలో ఆడుకోవడానికి బడికెందుకు పంపవలెను? ఏ.బీ.సీ.డీలు ఎప్పుడు వస్తాయి?” అని కూలిచేసి రుసుము చెల్లించే తండ్రి అడుగుతాడు. ఆ ఆరాటం వెనుక బిడ్డ తనవలె కష్టపడరాదన్న కోరిక ఉన్నది. ఆయనకు ఉపన్యాసం చెప్పి లాభం లేదు. బిడ్డ చేసిన బొమ్మనూ, దాని క్రింద బిడ్డ చెప్పగా వ్రాసిన నాలుగు వాక్యాలనూ చేతికిస్తే ఆయనకే బోధపడుతుంది. అంగన్‌వాడీ కార్యకర్త కష్టమూ మరువరానిది. పోషకాహారం, తూకం, టీకాలు, రికార్డులు అన్నీ ఒక్క స్త్రీ మీదనే ఉన్నాయి. మాటల కోసం రోజుకొక గంట ఆమెకు మిగిల్చే బాధ్యత ఆమెది కాదు, పై అధికారులది.

పేరు నిలిచినది

తారాబాయి మోడక్ 1973లో పరమపదించారు. మరి రెండేండ్లకు, 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టులతో మొదలైనది. ఆమె వాడుకలోకి తెచ్చిన అంగన్‌వాడీ అన్న పేరే ఆ పథకపు కేంద్రాలకు వచ్చినది. అనూతాయి వాఘ్ 1985లో పద్మశ్రీ అందుకొని, 1992లో కన్నుమూసేవరకు పసిపిల్లల పనిలోనే గడిపారు. నేడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలు ఉన్నాయి. ఇరుకు సందులోని అద్దెగదిలో నడిచేవీ వాటిలో తక్కువ కావు. పేరులో ముంగిలి ఉన్నది. కాని చాలచోట్ల ముంగిలి లేదు.

ముంగిలి అంటే ఎకరం తోట కానక్కరలేదు. నాలుగు తట్టల ఇసుక, ఒక బానెడు నీరు, వేపచెట్టు నీడ, గోడవారగా బంకమన్ను కుప్ప, ఇవి ఏ పంచాయతీ అయినా సమకూర్చగలిగినవే. మేడమీది ఇంటికి ఒక మట్టిమూకుడూ, రెండు పూలకుండీలూ చాలును. వీటిపక్కన తొందర లేని ఒక పెద్దమనిషి కూర్చుండి, బిడ్డ వ్రేలు నేలపై గీస్తున్న గీతను చూస్తూ, బిడ్డ నోరు విప్పేవరకు ఓపికపట్టవలెను. ఆ గీత ఏమిటో బిడ్డకు తెలుసు; అడిగి వినేవారు దొరికితే చెబుతుంది.